పరిమళ పరిశీలక సంఘం

తీరప్రాంత ఉప్పు, ఉప ఉత్పత్తుల అభివృద్ధి సంస్థ వారి ప్రాంతీయ కార్యాలయం కాకినాడలో కొత్త భవనంలోకి మారిన రోజున నూకరత్నం పడిన సంతోషం ఇంతా అంతా కాదు. పాత భవనంలో వానొస్తే కంప్యూటరుకి గొడుగు పట్టి, తను తడుస్తూ పనిచేసేది. కొత్తది నిలువెల్లా అద్దాల మేడ. హైదరాబాదులో ఎక్కడో మొలిచిన దాన్ని పెకలించి తెచ్చి ఇక్కడ నాటినట్టుంటుంది. లోపల అడుగుపెట్టాక గానీ అసలు సంగతి తెలియలేదు. ఆ అద్దాలు తెరుచుకోవు. భవనమంతా ఏసీ పెడతారు కాబట్టి కిటికీలు అక్కర్లేదని నిపుణులు తేల్చారు. ఏసీ ఉండగా ఫ్యాన్లెందుకని కప్పుకి కొక్కేలు కూడా పెట్టలేదు. తీరా ఏసీల టెండరు కోర్టుకెక్కి కూర్చుంది.

ఆ విధంగా నడి వేసవిలో, సముద్రం పక్కన, గాలి ఎవరికి కావలసినంత వాళ్ళకి ఊరికే దొరికే ఊళ్ళో, ఆ కార్యాలయ సిబ్బంది మాత్రం జాడీలో ఆవకాయలా ఊరుతూ ఉద్యోగం చేస్తున్నారు.

నూకరత్నం ఔట్‌సోర్సింగు పద్ధతిలో కంప్యూటర్ ఆపరేటరు. ఉప్పు మడుల వివరాలన్నీ ఎక్కించేది ఆమే. కాంట్రాక్టు ఏటా మే నెలాఖరుకి ముగుస్తుంది, సారు సంతకం పెడితే మళ్ళీ మొదలవుతుంది. ఇల్లు జగన్నాథపురంలో, మత్స్యకారుల పేటలో. భర్త సింహాద్రి బోటు మీద వేటకెళతాడు. ఎండాకాలంలో వేట నిషేధం కనుక బోటు ఒడ్డున, సింహాద్రి ఇంట్లో ఉంటారు. ఆ రోజుల్లో ఇంట్లో పొయ్యి వెలిగేదీ, పిల్లల చదువులు సాగేదీ నూకరత్నం జీతంతోనే. అందుకని మే నెల వస్తోందంటే ఆమెకి గుండెల్లో దడ.

ఆ మే నెలలోనే ముఖ్య కార్యదర్శి గారు సమీక్షకి వచ్చారు. హాల్లోకి వచ్చి కుర్చీలో కూర్చున్నారు, జేబురుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు, రాష్ట్రంలో ఉప్పు బాగానే ఉందని ఎవరూ చెప్పకుండానే నిర్ధారించుకుని లేచి వెళ్ళిపోయారు. కారెక్కుతూ ప్రాంతీయ సంచాలకులు పరాంకుశం గారిని ఒకే ఒక్క మాట అడిగారు.

"ఏమిటండీ ఆ వాసన?"

పరాంకుశం గారికి తల కొట్టేసినట్టయింది. సర్వీసంతా మచ్చ లేకుండా, ఏ పనీ పైకి కనపడకుండా నెట్టుకొచ్చిన మనిషి. వెంటనే అత్యవసర సమావేశం పెట్టారు. సూపరింటెండెంటు తాతారావు గారు మెల్లిగా లేచారు.

"సార్, మరేం లేదండి, సముద్రం వైపు అద్దాలు రెండు తీయించేస్తే గాలి ఆడుద్దండి. గాలి ఆడితే చెమట పట్టదండి. చెమట పట్టకపోతే..."

"తాతారావు గారూ," అన్నారు పరాంకుశం గారు, "అద్దములు తొలగించుట భవన స్వరూపమునకు భంగకరము. పైగా అవి ప్రారంభోత్సవ ఛాయాచిత్రమున ఉన్నవి. సమస్య భవనానిది కాదు. సమస్య సిబ్బందిది. వాసన వచ్చుచున్నది గోడల నుండి కాదు గదా?"

కాదని అందరూ ఒప్పుకున్నారు. గోడలకు చెమట పట్టటం ఎవరూ చూడలేదు.

మర్నాడే సలహాదారు దిగారు. ఆయన పేరు నిసర్గ ప్రసాద్. పుట్టినప్పుడు ఒట్టి ప్రసాదే. అత్తర్ల కంపెనీ ఒకదానికి ఏజెంటుగా ఉండి, అది మూతబడ్డాక ప్రకృతి బాట పట్టి, పేరుకి ముందు నిసర్గ తగిలించుకున్నారు. నూలు బట్టలు, చెక్క పూసల దండ, పక్కనే ఆయన కోసం ప్రత్యేకంగా తెప్పించిన బల్ల ఫ్యాను.

"దుర్వాసన అనేది లేదు," అని మొదలుపెట్టారాయన, ఫ్యాను వైపు వీపు తిప్పి. "మనం అర్థం చేసుకోని పరిమళం మాత్రమే ఉంది. మీరు చంకల్లో కొట్టుకునే స్ప్రేలు ఏమిటి? రసాయనాలు! చెమటని అణగదొక్కుతున్నారు. చెమట మీ శరీరం మీతో చేసే సంభాషణ. దాని నోరు నొక్కేస్తారా?"

హాల్లో సంభాషణ ధారాపాతంగా సాగుతోంది. తాతారావు గారి చొక్కా వీపుకి అతుక్కుపోయి, బనీను మీద కంపెనీ పేరు చదవటానికి వీలుగా కనిపిస్తోంది.

ఆ సాయంత్రమే సర్క్యులరు వచ్చింది. "ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, కార్యాలయ ఆవరణమున రసాయన పరిమళ ద్రవ్యములు, స్ప్రేలు, సువాసన పౌడర్లు వాడుట తక్షణమే నిషేధింపబడినది. వాటి స్థానమున సహజ ప్రత్యామ్నాయములు వాడవలెను. వాడినట్లు రుజువు చూపవలెను. రుజువు చూపని వారిపై శాఖాపరమైన చర్యలు తీసుకొనబడును. కాంట్రాక్టు సిబ్బంది విషయమున శాఖాపరమైన చర్యలు వర్తించవు గనుక వారు నేరుగా తొలగింపబడుదురు."

ఆఖరి వాక్యం నూకరత్నం రెండుసార్లు చదువుకుంది. ఇంటికెళ్ళి మొగుడికి చెబితే సింహాద్రి పగలబడి నవ్వాడు.

"ఏటే, సంకల్లో వోసన సూత్తారా? గవర్మెంటోళ్ళకి ఇంకేం పన్లేదేటి?"

"నవ్వు బాగానే వస్తంది నీకు," అంది నూకరత్నం. "సంతకం పడకపోతే వేట నిషేధం ఎత్తేసేదాకా ఏం తింటామో అదీ చెప్పి నవ్వు."

సింహాద్రి నవ్వటం మానేశాడు.

నిజానికి నూకరత్నం ఏనాడూ స్ప్రే కొట్టుకోలేదు. రెండు పూటలా స్నానం, ఉతికిన నూలు జాకెట్టు, స్నానం చేశాక తడి పటిక ముక్కతో ఓసారి రుద్దుకోవటం. వాళ్ళమ్మా అదే చేసేది. కాబట్టి సలహాదారు గారు ఒక్కొక్కరినీ పిలిచి ఏం వాడతారని అడిగినప్పుడు, ధైర్యంగానే చెప్పింది.

"పటికండి."

నిసర్గ ప్రసాద్ గారు కళ్ళు మూసుకుని కాసేపు బాధపడ్డారు. "పటికకు ఫార్ములా ఉందా?"

"ఆయ్, ఉందండి. కెమిస్ట్రీలో చదివేం."

"ఫార్ములా ఉన్న ప్రతిదీ రసాయనమే. పటిక నిషిద్ధం."

వెనక నుంచి తాతారావు గారికి సందేహం వచ్చింది. ఆయనకి సందేహాలు వస్తాయి, అదే ఆయన ప్రమోషన్ ఆగిపోవటానికి కారణం. "మరి నీళ్ళకి కూడా ఫార్ములా ఉంది కదండి?"

పరాంకుశం గారు సలహాదారు వైపు చూశారు. సలహాదారు ఫ్యాను వైపు చూశారు. నీళ్ళకీ ఫార్ములా ఉందని ఒప్పుకోక తప్పలేదు. నీటి విషయం తేల్చటానికి ఉపసంఘం వేశారు. నివేదిక వచ్చేదాకా స్నానాలలో సంయమనం పాటించాలని ఆదేశించారు. అంతలో ఎవరో ఉప్పుకి కూడా ఫార్ములా ఉందని గుర్తుచేశారు. సంస్థ ఉప్పుదే కావటంతో పరాంకుశం గారి ముఖం పాలిపోయింది. ఉప్పుని ప్రత్యేక ఉత్తర్వుతో మినహాయించి గండం గట్టెక్కారు.

పటిక పోయింది. సబ్బు ఎలాగూ పోయింది. నీళ్ళు పరిశీలనలో ఉన్నాయి. మిగిలినవాటితో సహజ ప్రయోగాలు మొదలయ్యాయి. మొదటి వారం నిమ్మకాయ, వంటసోడా. వంటసోడాకి ఫార్ములా లేదా అని తాతారావు గారు అడగబోతే పరాంకుశం గారు కళ్ళురిమారు, ఎందుకంటే సోడా అప్పటికే కొనేశారు. మూడో రోజుకల్లా అందరికీ చంకలు ఎర్రగా కమిలిపోయి, ఉద్యోగులు రెండు చేతులూ పక్కలకి చాపుకుని నడవటం మొదలుపెట్టారు. పింఛను పని మీద వచ్చిన ఒక పెద్దాయన అది చూసి, సిబ్బందికి రెక్కలొచ్చాయనుకుని దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. రెండో వారం కొబ్బరినూనె, కర్పూరం. చొక్కాలకి జిడ్డు మరకలు, ఆ మరకల కోసం చీమలు. మూడో వారం వేపాకు ముద్ద. ఆకుపచ్చ చంకలతో సమీక్షా సమావేశం జరిగింది. ఇంత చేసినా గదిలో గాలి లేదు కనుక వాసన ఎక్కడిదక్కడే ఉంది. దానికి నిమ్మ, కర్పూరం, వేప కూడా తోడై మరింత బలిసింది.

"పరివర్తన దశ," అన్నారు నిసర్గ ప్రసాద్ గారు. "శరీరం ఇన్నేళ్ళ విషాన్ని కక్కుతోంది. మంచి సూచన."

ఇక రుజువు చూపే ఘట్టం. ఇందుకోసం పరిమళ పరిశీలక సంఘం ఏర్పడింది. అధ్యక్షులు పరాంకుశం గారు, సభ్యులు నిసర్గ ప్రసాద్ గారు, కన్వీనరు తాతారావు గారు. నేరుగా వాసన చూడటం మహిళా ఉద్యోగుల గౌరవానికి భంగమని, పురుష ఉద్యోగులది సంఘం ఆరోగ్యానికి భంగమని ఆలోచించి, మధ్యేమార్గం కనిపెట్టారు. ప్రతి ఉద్యోగీ ఉదయం చంకలో ఒక చదరపు గాజుగుడ్డ పెట్టుకోవాలి. సాయంత్రం తీసి కవర్లో పెట్టి, అంటించి, పైన పేరు, హోదా, చిరునామా రాసి ఇవ్వాలి.

ఇంతవరకూ బాగానే ఉంది. అయితే ఆ కార్యాలయంలో ఏ కవరూ నేరుగా ఎవరి దగ్గరికీ వెళ్ళదు. ముందు ఇన్‌వార్డ్ సెక్షనులో నంబరు పడాలి. అక్కణ్ణుంచి సెక్షను గుమస్తా నోటు పెట్టాలి. తాతారావు గారు "సమర్పించడమైనది" అని రాయాలి. ఆపైన సంచాలకుల పేషీలో వరుస రావాలి. సెలవులూ, క్యాంపులూ కలుపుకుని అన్ని కవర్లూ సంఘం ముందుకి వచ్చేసరికి, ఆ అద్దాల పెట్టె వేడిలో గుడ్డలన్నీ మగ్గి మాగి ముక్కిపోయాయి. గుమ్మడికాయ ముక్కని అలా ఉంచినా వాసన కొట్టేదే.

దాంతో అందరూ తప్పారు. ఒక్క భీమశంకరం మాత్రం ప్రథమ శ్రేణిలో నెగ్గాడు. భీమశంకరం ఏడాదిగా సెలవులో ఉన్నాడు. అతనికి కేటాయించిన గుడ్డ ప్యాకెట్టులోంచి తియ్యలేదు, నియమం ప్రకారం దాన్నీ కవర్లో పెట్టి పంపారు. సంఘం దాన్ని మూడు సార్లు ఆఘ్రాణించి ఆశ్చర్యపోయింది.

"ఈ ఉద్యోగి అనుసరించుచున్న సహజ పద్ధతి ఏమి?" అని అడిగారు పరాంకుశం గారు.

"ఆఫీసుకి రాడండి," అన్నారు తాతారావు గారు.

ఆ జవాబు విని నవ్వాల్సింది పోయి సంఘం దీర్ఘాలోచనలో పడింది. ఆఖరికి తీర్మానం వచ్చింది. కార్యాలయానికి రాకపోవటమే అత్యుత్తమ సహజ ప్రత్యామ్నాయమని రుజువైంది గనుక, శాశ్వత సిబ్బంది విడతలవారీగా పూర్తి జీతంతో పరిమళ సెలవు తీసుకోవచ్చు. శాశ్వత సిబ్బంది ఎగిరి గంతేశారు. నిసర్గ ప్రసాద్ గారి మీద అప్పటిదాకా ఉన్న కోపం ఒక్క పూటలో భక్తిగా మారిపోయింది. కాంట్రాక్టు వాళ్ళకి సెలవులు వర్తించవు. సెలవుకెళ్ళిన వాళ్ళ పనంతా నూకరత్నం బల్ల మీదికి చేరింది.

చేరితే చేరింది, చేసేస్తుంది. ఆమెని దెబ్బతీసింది అది కాదు. తప్పినవాళ్ళందరి కవర్ల మీదా "సాధారణ దుర్వాసన" అని రాసిన సంఘం, ఆమె కవరు మీద మాత్రం "తీవ్రమైన చేపల వాసన, వంశపారంపర్యము" అని రాసింది.

చదువుతుంటే ఆమెకి ఒళ్ళు మండిపోయింది. చేపల వాసన తనకేం అవమానం కాదు. ఆ చేపలమ్మే వాళ్ళమ్మ డిగ్రీ దాకా చదివించింది. కానీ అది అబద్ధం! వేట నిషేధం వచ్చి నెల దాటింది. ఇంట్లో చేప ముఖం చూసి ఎన్నాళ్ళయిందో. రోజూ పప్పుచారే.

"తాతారావు గారూ, అసలు మాయింట్లో చేపలే లేవండి. వాసనెలా వచ్చిందండి?"

తాతారావు గారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "నీ మంచి కోరి చెబుతున్నానమ్మా. కవరు మీద చిరునామా ముందు చదువుతారు. తర్వాత చూస్తారు వాసన."

నూకరత్నం అప్పీలు పెట్టుకుంది. నియమాల్లో మరో నమూనాకి అవకాశం ఉంది. ఈసారి సంఘం ఆమెని వ్యక్తిగత విచారణకి పిలిచి, ఆమె ముందే కవరు తెరుస్తామంది. పారదర్శకత కోసం.

ఆ రోజు పరాంకుశం గారు కవరు మీద చిరునామా పైకి చదివారు. జగన్నాథపురం, మత్స్యకారుల పేట. చదువుతుండగానే ముక్కు ముడుచుకుంది. కవరు అంచు చింపి, ఓ వేలంత దూరంలో పెట్టుకుని చూసి, తల వెనక్కి వాల్చారు. కవరు నిసర్గ ప్రసాద్ గారికి వెళ్ళింది. ఆయన కళ్ళు మూసుకుని లోతుగా పీల్చారు.

"అదే," అన్నారు. "ఇంకా చిక్కబడింది. ఎండుచేపల ఛాయ కూడా ఉంది. సొర అనుకుంటాను."

తాతారావు గారు కవరుని ముక్కు దాకా తీసుకెళ్ళి, ఎందుకైనా మంచిదని దగ్గారు.

"రాసేయండి," అన్నారు పరాంకుశం గారు.

"రాసేరాండి?" అని అడిగింది నూకరత్నం. "రాసేక ఓసారి కవరు దులపండి సార్. అందులో గుడ్డ లేదండి. ఏం లేదండి. ఉత్త కవరు అంటించి ఇచ్చేను."

తాతారావు గారు కవరు బోర్లించారు. ఏమీ రాలలేదు. లోపలికి చూశారు.

ఆ క్షణంలో నూకరత్నం గెలిచాననుకుంది. పాపం, ఏళ్ళ తరబడి ఆ కార్యాలయంలో పనిచేసి కూడా ఆమెకి వాళ్ళ సత్తా తెలియలేదు.

పరాంకుశం గారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "గుడ్డ లేదు. అయినను వాసన వచ్చినది. అనగా కేవలము ఈమె చేతి స్పర్శ మాత్రముననే కాగితమునకు వాసన సోకినది. పరిస్థితి మనము ఊహించిన దానికంటె విషమముగా ఉన్నది. పైగా నమూనా సమర్పించకపోవుట క్రమశిక్షణా రాహిత్యము."

"సార్! నేనీ చేత్తోనే కదండి మీ ఫైళ్ళన్నీ టైపు చేసేది!"

"ఆ ఫైళ్ళను కూడా పరిశీలించవలెను," అని నిసర్గ ప్రసాద్ గారు గంభీరంగా సూచించారు.

కాంట్రాక్టు పోయింది. ఇంటికొచ్చి నూకరత్నం వీధి గుమ్మంలో కూర్చుంది. ఏడుపు రాలేదు. లేని గుడ్డకి వాసన చూసినవాళ్ళని ఎలా తిట్టాలో మాటలు వెతుక్కుంటూ కూర్చుంది. ఆ పేటలో మాటలకి కొదవ లేదు, అయినా ఒక్కటీ సరిపోలేదు.

ఆ వారంలోనే తుఫాను వచ్చింది. తీరం దాటుతూ దాటుతూ సంస్థ భవనానికి సముద్రం వైపు అద్దాలన్నీ పొడి చేసి పోయింది. వాన వెలిశాక సిబ్బంది వచ్చి చూసుకుంటే, హాల్లోకి ఉప్పుగాలి ఈ చివర్నుంచి ఆ చివరికి ఝామ్మని వీస్తోంది. చొక్కాలు ఆరాయి. చీమలు ఎగిరిపోయాయి. రెండు మూడు రోజుల్లో వాసన మచ్చుకైనా లేదు. పరిమళ సెలవుల్లో ఉన్నవాళ్ళు కూడా చల్లగా ఉందని విని ఆఫీసుకి వచ్చి నిద్రపోవటం మొదలుపెట్టారు.

సంఘం తుది నివేదిక సిద్ధమైంది. "సదరు కాంట్రాక్టు ఉద్యోగిని తొలగించిన తేదీ నుండి కార్యాలయమున దుర్వాసన పూర్తిగా అంతరించినది. కావున మూలకారణము నిర్ధారణ అయినది." తుఫాను గురించి వేరే ఫైల్లో, నష్టాల పద్దు కింద రాశారు. ఆ రెండు ఫైళ్ళూ వేర్వేరు సెక్షన్లవి కనుక ఒకదాన్నొకటి ఎన్నడూ కలుసుకోలేదు.

నివేదిక పైకి వెళ్ళింది. సహజ పరిమళ కార్యాలయంగా పురస్కారం వచ్చింది. పరాంకుశం గారికి శాలువా, నిసర్గ ప్రసాద్ గారికి మరో నాలుగు శాఖల సలహాదారు పదవి, కార్యాలయానికి ప్రత్యేక నిధులు. ఆ నిధులతో ఏం చేద్దామని సమావేశం పెట్టి, ఏకగ్రీవంగా తేల్చి, పగిలిన అద్దాల స్థానంలో అంతకంటే దళసరి అద్దాలు బిగించారు. ఈసారి ఎంత తుఫాను వచ్చినా పగలవట.

వాసన తిరిగి వచ్చింది. ఆ సమయానికే, పురస్కారం పొందిన కార్యాలయాన్ని స్వయంగా చూసి ఆనందించటానికి ముఖ్య కార్యదర్శి గారు మళ్ళీ వస్తున్నట్టు కబురూ వచ్చింది.

నూకరత్నం అప్పటికి ఫిషింగ్ హార్బరులో బోటు యజమానుల సంఘం వారి కంప్యూటరు ముందు కూర్చుంటోంది. జీతం పాతదాంట్లో సగమే. ఇల్లు ఈడ్చుకురావటం కష్టంగానే ఉంది. గదికి మూడు వైపులే గోడలు, నాలుగో వైపు సముద్రం. ఓ మధ్యాహ్నం తాతారావు గారు చెమటలు కక్కుకుంటూ అక్కడికి వచ్చారు. గాలి తగలగానే ఓ నిమిషం కళ్ళు మూసుకుని అలా నిలబడిపోయారు. తర్వాత సంచీలోంచి కాగితాలు తీశారు.

"నూకరత్నమ్మా, శుభవార్త. నిన్ను మళ్ళీ తీసుకుంటున్నారు."

ఆమె లేచి నిలబడింది. పిల్లల ఫీజులు, బోటు మరమ్మతు, పాత జీతం, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. కాగితం అందుకుని చదివింది. కింద ఇంకో కాగితం ఉంది. అదీ చదివింది.

"ఇది తీసేసే ఆర్డరు కదండి?"

"మరేనమ్మా. రెండూ ఒకేసారి సంతకాలైపోయేయి. సోమవారం చేర్చుకుంటాం, శుక్రవారం తీసేస్తాం. శనివారం ముఖ్య కార్యదర్శి గారొస్తారు." తాతారావు గారు గొంతు సవరించుకున్నారు. "వాసన పోవాలంటే నిన్ను తీసెయ్యాలని ఫైల్లో రుజువైపోయింది కదా. తీసెయ్యాలంటే ముందు నువ్వుండాలి కదమ్మా. నన్నేం చెయ్యమంటావు? ఆ అయిదు రోజుల జీతం మాత్రం నేను దగ్గరుండి ఇప్పిస్తాను."

నూకరత్నం రెండు కాగితాలనీ మడిచింది. మడతలు సరిగ్గా కుదిరేదాకా మడిచి, ఆయన చేతిలోనే పెట్టేసింది.

"అలాగేనండి. మరి ఈసారి తుఫాను ఎవరు తెస్తారండి?"

తాతారావు గారు నవ్వలేదు. జేబులోంచి పెన్ను తీసి, చేతిలోని ఆర్డరు కాగితం వెనకాల ఆ మాట రాసుకున్నారు.

"మంచి పాయింటే అడిగేవమ్మా," అన్నారు. "అది ఏ సెక్షను చూస్తుందో ఆఫీసుకెళ్ళి కనుక్కుని చెబుతాను."